రాజులమ్మ కొరికిన కాయ

“కార్డులో అమ్మమ్మ మామిడికాయ కొరికిన షాట్ లేదు, తేజా.”

అరకు కొండల మీద ఒక చిన్న ఊరు, బడి వరండా. ల్యాప్‌టాప్ ముందు ఆ ఊరి పిల్ల నిర్మల. పక్కన, విశాఖ నుంచి కెమెరా పట్టుకొచ్చిన ఆమె క్లాస్‌మేట్ తేజ. నలభై ఎనిమిది గంటల్లో సినిమా తీసి పంపాలన్న పోటీకి గడువు సాయంత్రం అయిదు. ఇప్పుడు మూడు దాటింది.

“సరిగ్గా చూడు. ఉంటుంది.”

“మూడుసార్లు చూశాను. కాయ కోసింది ఉంది, కడిగింది ఉంది. ఆ తర్వాత ఏకంగా సాయంత్రం మబ్బే.”

“అయితే ఎవరో చెరిపేసి ఉంటారు.”

“ఎవరు చెరుపుతారు? ఉన్నదే ముగ్గురం.”

“ఆ మూడో మనిషినే అడుగు. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మీ బుధన్న నా కెమెరా బ్యాగ్‌లో చెయ్యి పెట్టి ఉన్నాడు.”

“అన్న అలాంటోడు కాదు.”

“నిన్న ఆ షాట్ వద్దని గొడవ చేసిందెవరు? గురువారం మామిడి కొత్త పండగ, అప్పటిదాకా ఊళ్లో ఎవరూ మామిడికాయ తినకూడదు, దేవతకి తొలికాయ పెట్టే రాజులమ్మ అసలే తినకూడదు అని. నేనా అన్నది?”

“అమ్మమ్మ తినలేదు కదా. కొరికి, ఉమ్మేసి, పుక్కిలించింది. మింగకపోతే తప్పులేదని తనే ఒప్పుకుంది.”

“నీకది చాలు. వాడికి చాలదేమో.”

“బుధన్నా, ఇలా రా ఓసారి.”

“ఏటి?”

“కూకో.”

“కూకోడానికి అవ్వదు. దిగువకి బేగి ఎల్లాలి.”

“తేజ బ్యాగ్‌లో ఏం వెతికావు?”

“సెప్పీసినాడా?”

“చెప్పాడు. కార్డు తీశావా?”

“తీసినాను.”

“ఎందుకు?”

“అడక్కే నిర్మలా.”

“షాట్ చెరిపావా?”

“నాకు దాన్ని తెరవడమే రాదు, సెరపడం ఎక్కడొస్తాది? మైకు కర్ర పట్టుకోమన్నారు, పట్టుకున్నాను.”

“విన్నావుగా, కార్డు తీశానని తనే అంటున్నాడు. ఇంక వదిలెయ్. సిగ్నల్ దొరికే మలుపు దాకా బండి మీద అరగంట. ఆ షాట్ లేకుండానే కట్ చేసి పంపేద్దాం.”

“సినిమా పేరే తొలికాయ. కాయ లేకుండా ఏం పంపను, మబ్బునా?”

“మబ్బు బాగానే వచ్చింది.”

“నువ్వాగు. అన్నా, కార్డు తీసి ఏం చేశావు?”

“నా ఫోన్లో ఎట్టి సూద్దామనుకున్నాను. పట్టనేదు. మళ్లీ ఎక్కడిదక్కడ ఎట్టీసినాను.”

“ఏం చూద్దామని?”

“అమ్మమ్మ ఉమ్మిన ముక్క.”

“అదెందుకు నీకు?”

“నాక్కాదు, దిసారి తాతకి.”

“దిసారి అంటే ఎవరు? మీ పూజారేనా?”

“అవును తేజా. నువ్వు మధ్యలో రాకు. ఏమన్నాడన్నా తాత?”

“పొద్దున్నే కబురెట్టినాడు. మీ అమ్మమ్మ పండక్కి ముందే కాయ తినీసింది, గురువారం తొలికాయ ఇంకోల్ల సేత పెట్టిస్తాం అన్నాడు. మింగనేదు, ఉమ్మీసింది అన్నాను. ఉమ్మితే తప్పునేదు గానీ ఇంటి మనుసుల మాటా, సినిమా తీసినోల్ల మాటా సెల్లదు, పొద్దుగూకేలోగా సూపించు అన్నాడు.”

“అమ్మమ్మకి తెలుసా?”

“తెలిసే తలుపేసుకుంది. గంజి కూడా ముట్టనేదు. నలబై ఏళ్లు తొలికాయ పెట్టిన సెయ్యి అది.”

“తాతకెవరు చెప్పారు?”

“సెప్పడం కాదు, సూసినాడు. మనవడి ఫోన్లో. నాకూ సూపించినాడు. అమ్మమ్మ కాయ కొరుకుతాది. అక్కడితో ఆగిపోద్ది.”

“మనం ఎవరికీ చూపించలేదే.”

“నువ్వే పంపినావేమో అనుకున్నాను. అందుకే నిన్నేటీ అడగనేదు.”

“నేనా?”

“నీ సినిమాయే కదేటి.”

“నిర్మలా, మూడున్నర అవుతోంది. ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు.”

“అన్నా, ఆ వీడియో అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా?”

“నిలువు. ఫోన్ నిండా అమ్మమ్మ మొకమే.”

“ఎటువైపు నుంచి?”

“ఎదర్నుంచి.”

“అప్పుడు నువ్వెక్కడున్నావు?”

“ఎనకాల, సెట్టు కాడ.”

“నేను పక్కన అట్ట పట్టుకుని ఎండ మళ్లిస్తున్నాను. ఎదురుగా ఎవరున్నారు తేజా?”

“ఆ దారిన పోయేవాళ్లు ఎవరైనా…”

“ఎవరున్నారు?”

“కెమెరా బ్యాటరీ అయిపోయింది. ఆవిడ అప్పటికే కాయ నోటిదాకా తెచ్చేసింది. ఆగమంటే మళ్లీ ఒప్పుకోదని భయమేసింది. మీరు గమనించేలోపే కెమెరా పక్కన ఫోన్ పెట్టి తీసేశాను.”

“తీస్తే తీశావు. అదే పెడదాం, ఇవ్వు.”

“కుదరదు. ముందే బయటికి వెళ్లిందేదీ పోటీకి తీసుకోరు.”

“బయటికెలా వెళ్లింది?”

“నిన్న మలుపు దగ్గర సిగ్నల్ వచ్చింది. నా పేజీలో పెట్టాను. గంటలో తీసేశాను గానీ, అప్పటికే ఎవరెవరో పంచుకున్నారు.”

“పోటీ సంగతి ఒదిలీ, నిర్మలా. బాబూ తేజా, నీ ఫోన్లోది మొత్తం సూపించు. ఉమ్మింది ఉంటే సాలు. తాత కాడికి పట్టుకుపోతాను.”

“లేదు బుధన్నా.”

“లేకపోడమేటి? తీసినావు కదా.”

“తీశాను. ఉమ్మింది, పుక్కిలించింది, అంతా తీశాను. అది చూడ్డానికి బాగోదని కొరికిన దగ్గర కోసి పేజీలో పెట్టాను. పొద్దున నువ్వు బ్యాగ్ వెతకడం చూసి నా పని బయటపడిపోతుందనిపించింది. ఫోన్లో ఉన్న అసలుదాన్ని ఇక వెనక్కి రాకుండా చెరిపేశాను. రాజులమ్మ మింగలేదని చూపించే ముక్క ఇప్పుడు ఎక్కడా లేదు.”