గారాలీ బండికి ఆ రోజు బ్రేకు వెయ్యనిది నేను

సభ నడిపిస్తున్న నెవిల్ హాకింగ్ గారికి, ముందు వరసలోని పెద్దలకి, శనివారం పూట ఫుట్‌బాల్ మానుకుని నాకోసం వచ్చిన స్నేహితులకి, ఎప్పటిలాగే వెనక టీ కెటిల్ పక్కన నిలబడ్డ క్లారీకి నమస్కారం. క్లారీ, అక్కడ ఎవరైనా కుర్చీ ఇస్తే కూర్చో. ఇవ్వకపోతే అడుగు.

నెవిల్ నా గురించి ఇందాక చెప్పినవన్నీ వింటుంటే, ఈ మావిస్ గలియా ఎవరో మంచావిడ, పాపం పోయినట్టుంది అనిపించింది. (నవ్వులు) ఇరవై రెండేళ్ళు జీతం లేకుండా పనిచేశానన్నాడు, నిజమే. ఒక్కనాడూ విసుక్కోలేదన్నాడు, అది మాత్రం ఇక్కడున్న ఎవరూ నమ్మరు. వానాకాలం మొత్తం షెడ్డు కప్పు కారుతుంటే బకెట్లు మార్చుకుంటూ నేను తిట్టిన తిట్లు నెవిల్ తల్లిగారు విన్నారు, అదిగో, నవ్వుతున్నారు.

మన గారాలీ చెరకు మిల్లు మూసేశాక ఆ రెండడుగుల వెడల్పు పట్టాలూ, ఆ షెడ్డూ, లోపల తుప్పు పట్టిన ఫ్లోరా అనే ఆవిరి ఇంజనూ ఎవరికీ అక్కర్లేక పడున్నప్పుడు, మ్యూజియం పెడుతున్నారట, అట్టముక్కల మీద వస్తువుల పేర్లు రాసిపెట్టమన్నారని వచ్చాను నేను. యాభై నాలుగేళ్ళు అప్పటికి. అట్టలు రాయడం ఒక పూటలో అయిపోయింది. మధ్యాహ్నం నా చేతిలో తుప్పు గీకే బ్రష్షు పెట్టి, 'ఖాళీగా ఉన్నారు కదా' అన్నవాడు క్లారీ టాస్. అతని తాతని ఎక్కడో దూరాన ఉన్న టన్నా దీవి నుంచి మిగతా నల్ల కూలీలతో పాటు ఓడలో ఈ చెరకు తోటల్లోకి తెచ్చారు; మనవడు ముప్ఫయ్యేళ్ళు ఇదే లైను మీద చెరకు బళ్ళు తోలాడు. నాకు ఇంజను నేర్పింది అతనే. మొదటి వారం ప్రెషరు ఎక్కక నేను ఏడుపు మొహం పెడితే, "ఆవిరిని తిట్టకు మావిస్, దానికి చెవుల్లేవు. వెళ్ళి నిప్పు చూడు" అన్నాడు. అంతే, అదే పాఠం.

నేనెందుకు మానుతున్నానని మీరంతా అడిగారు. మోకాళ్ళు అన్నాను. మోకాళ్ళు పోయిన మాట నిజమే గానీ, నన్ను అలసిపోయేలా చేసింది అవి కాదు. అది చెప్పేసి దిగుతాను. నెవిల్, వాచీ చూడకు, ఎంతోసేపు పట్టదు.

అక్టోబరులో, బడి సెలవుల ఆదివారం, మ్యూజియం చూడవచ్చిన జనాన్ని ఎక్కించుకుని బండి తోలాను. వాగు దగ్గర చివరి స్టేషనులో ఇంజనుని పెట్టెల నుంచి విప్పి, పక్క లైను మీదుగా రెండో కొసకి తెచ్చి తగిలించాలి. విప్పేముందు పెట్టెలకి చేతిబ్రేకు బిగించాలి, అక్కడ నేల వాగు వైపు వాలుగా ఉంటుంది గనక. అది క్లారీ పని. ఆ రోజు అతను ఎవరో పెద్దాయన్ని దించడానికి వెనకే ఆగిపోతే, నేను బిగిస్తానని ఇంజను దిగాను. సగం దూరంలో ఒకావిడ ఫోటో అడిగింది. టోపీ సర్దుకుని నవ్వుతూ నిలబడ్డాను. అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేశాను.

"బ్రేకు బిగించావా మావిస్?" అని అరిచాడు క్లారీ.

"బిగించా. విప్పెయ్."

బిగించాననే అనుకున్నాను. నేను ఇంజను ముందుకి లాగగానే రెండు పెట్టెలూ చప్పుడు లేకుండా వాగు వైపు కదిలాయి. దిగబోతూ పెట్టె మెట్టు మీదున్న లోర్నా పాస్క్ గారు కింద పడ్డారు, మణికట్టు విరిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ క్లారీ పరిగెత్తి, కదిలే పెట్టె ఎక్కి, బ్రేకు తిప్పాడు. ఎన్ని చుట్లు తిప్పాల్సొచ్చిందో అతనికి తెలుసు. అంటే ఎవరు బిగించలేదో కూడా తెలుసు.

మంగళవారం కమిటీ కూర్చుంది, ఈ హాల్లోనే. నేను నోరు తెరిచేలోపు క్లారీ లేచి, "బ్రేకు నా పని. నేను మర్చిపోయాను" అన్నాడు. ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. తప్పు నాదన్నవాడు నల్లవాడైతే ఎందుకు వెయ్యరో ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అతన్ని బండి పని నుంచి తీసేసి వంటగదికి పంపారు. దానికి సరేనన్నవాళ్ళు చెయ్యెత్తమన్నప్పుడు నేనూ ఎత్తాను.



బయట కారు దగ్గర పట్టుకుని, ఎందుకలా చేశావయ్యా అన్నాను. "నాకు పదకొండుమంది మనవలున్నారు, చెరువులో చేపలున్నాయి. నిన్ను ఇంజను దింపితే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటావు. ఇంక ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. ఎనిమిది నెలలు బండి తోలాను. ప్రతి ఆదివారం అతను కడిగిన కప్పులో టీ తాగి, అతను నేర్పిన ఇంజను ఎక్కాను. రేపు చెబుదాం, వచ్చేవారం చెబుదాం అనుకుంటూ ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టేది గానీ, లేస్తే పడుకోనట్టే ఉండేది.

లోర్నా గారూ, మీ చెయ్యి విరగ్గొట్టింది నేను. క్షమించమని అడుగుతున్నాను. నెవిల్, ఆ మంగళవారం కమిటీ మినిట్సు పుస్తకంలో రాసింది తప్పు. నా మాటగా దిద్దించు, అందరి ముందూ చదువు. క్లారీకి బండి తిరిగి ఇవ్వు. క్లారీ, రేపు పది గంటల బండి నువ్వు తోలాలి. ఏమంటావు?

(వెనక నుంచి క్లారీ: "నేనెక్కను మావిస్. చలికాలంలో నడుము పట్టేసింది, ఇక బొగ్గు పార ఎత్తలేను. అక్టోబరులో అయితే ఎక్కేవాణ్ణి.")

విన్నారుగా.

 ఆ ఎనిమిది నెలలు తెచ్చివ్వలేను. మినిట్సు మాత్రం దిద్దించు నెవిల్, మర్చిపోకు. ఇన్నేళ్ళు నన్ను భరించినందుకు, ఇది కూడా కూర్చుని విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. చప్పట్లు కొట్టాలనిపిస్తే వెనక్కి తిరిగి కొట్టండి.

సెలవు.