ఆవు నోట్లో పెట్టిన సేతులు

“తాతా, బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నావంట, నిజమేనా?”

పద్నాలుగేటే గుంటా? నలభై! సరే, డాక్టరు కాయితంలో పద్నాలుగే ఉంటాయనుకో. అబద్ధమని ఎవుడంటాడో నా ఎదురుగుండా నిలబడి అనమను. ఈ చోడవరంలో అలాటోడు ఇంకా పుట్టలేదు.

స్వరాజ్యం వచ్చిన ఆరేడేళ్ళకి. నాకో ఎర్రావుండేది. పూటకి పది సేర్లు... ఆ, నాలుగనుకో... ఇచ్చీది. సూడితో ఉండగా ఓనాడు సెరుకు తోట గట్టున పిచ్చికుక్క దాని మూతి మీద కరిసింది. నాను ఒక్క తన్ను తంతే ఆ కుక్క ఎల్లి చీడికాడ కొండల్లో పడింది. మరేటి సేస్తాం, అప్పుడు మాకు తెలిసిన వైద్యం ఒకటే. కొడవలి ఎర్రగా కాల్చి వాత పెట్టీసేను. నా వాత పడ్డాక ఇంకే విషం ఉంటాది అనుకొని ఎవరికీ సెప్పలేదు. సెప్తే దాని పాలు ఎవుడు ముట్టుకుంటాడు?

నెల తిరిగేసరికి ఈనింది. ఆవు ఈనితే జున్నుపాలు వీధంతా పంచాలి గదా, ఒక్క గడప వదిలినా తప్పే. సెంబు పట్టుకొని నానే తిరిగేను. “మా ఎర్రావు జున్ను తింటే ముసిలోళ్ళు మళ్ళీ పెళ్ళికి లేస్తారు” అని గొప్పలు. అందరూ వండుకు తిన్నారు.

ఐదోనాడు ఆవు మేత మానీసింది. నోటంట సొంగ, తీగలు తీగలుగా. అరుపు అదోలాగ, మనిషి ఏడిసినట్టు. “సెరుకు ముక్క గొంతుకి అడ్డం పడుంటాదిరా” అన్నాది పక్కింటి సన్నేసమ్మ. నాకు అప్ప, అంటే అక్క వరస. ఆవిడ దవడలు పట్టి నోరు తెరిస్తే, నాను మోచెయ్యి దాకా పెట్టి ఎతికేను. ముక్కా లేదు, గిక్కా లేదు. సెరుకాకు కోసి కోసి ఆవిడ సేతుల నిండా గీతలు. ఆ గీతల మీద సొంగ. కొంగుతో తుడిసీసుకొని, ఆ మద్దేన్నమే కూతురి పురుటికని దేవరాపల్లి ఎల్లిపోయింది.

సాయంత్రం పశువుల డాక్టరొచ్చేడు. ఆవుని సూసి గుమ్మంలోనే ఆగిపోయేడు.

“దీన్ని కుక్కేమైనా కరిచిందా?”

దడి సుట్టూ వీధంతా ఉంది. అందరి కడుపుల్లోనూ నా జున్నే. “లేదు బాబూ” అన్నాను.

ఎలుగుబంటితో కుస్తీ పట్టినోణ్ణి నాను! ఆ ఒక్క మాట అనీసి నూతి కాడికి పోయి మోచేతుల దాకా తోముకున్నాను. మర్నాడంతా నోరు విప్పలేదు. పిచ్చికుక్క కరిసినోడికి నీళ్ళు దిగవంటారు గదా... గ్లాసుడు నీళ్ళు తాగి సూసుకోడం, దిగితే హమ్మయ్య అనుకోడం, పావుగంటాగి మళ్ళీ సూసుకోడం. నా సంగతి సరే. అక్కడ సన్నేసమ్మప్ప ఆ సేతుల్తోనే పత్తెం వండతంటాది. ఆవిడకేటీ తెలీదు. తెలిసినోణ్ణి లోకంలో నానొక్కణ్ణే.

ఆ మర్నాడు పొద్దున్న ఆవు పడి సచ్చిపోయింది. తోలు వలవడానికి ఇద్దరు కత్తి పట్టుకొని వచ్చేరు, అలవాటు పెకారం. ఆ కత్తి సూడగానే నా వల్ల కాలేదు. “ముట్టకండిరా! పిచ్చికుక్క కరిసింది!” అని అరిసేను. ఆ కేకకి రోలుగుంట ఊళ్ళో ఎడ్లు బెదిరిపోయేయంట.

ఓలమ్మో, ఇంక జనం! “పిల్లల నోట్లో విషం పోసేవు గదరా!” “నీ జున్నూ నీ గొప్పలూ తగలెయ్య!” ఆవుని మళ్ళీ సూడ్డానికొచ్చిన డాక్టరు అడ్డం నిలబడకపోతే నాను లేను.

“కాచి తిన్న జున్నుకి భయం లేదు. తోలు తియ్యకూడదు, మాంసం ఎవరూ తాకకూడదు. గెడ్డ నీళ్ళకి దూరంగా, నిలువెత్తు గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి,” అని నా వేపు తిరిగేడు. “నేను పైకి రిపోర్టు రాయాలి, అది చట్టం. నువ్వు అబద్ధం చెప్పావనీ రాస్తాను. దాని నోట్లో చేతులు పెట్టిందెవరు?”

“నానొకణ్ణి. రెండో ఆవిడ దేవరాపల్లిలో ఉంది బాబూ.”

“మరి ఇక్కడ నిలబడ్డావేం?”

పరిగెత్తేను. పన్నెండు మైళ్ళు, నేల మీద కాలానితే ఒట్టు. ఎల్లేసరికి ఆవిడ పసిగుంటకి నూనె రాస్తంది.

“అప్పా, ఆ సేతులు తియ్యి” అన్నాను. సెప్పీసేను.

ఆవిడ సేతులు వెనక్కి లాక్కొని సూసుకుంది. “నాను నోరు పట్టుకున్నప్పుడు, అది కరిసిన ఆవని నీకు తెలుసా?”

“తెలుసు.”

కూతుర్ని పిలిసి పసిదాన్ని తీసుకోమంది. లేచి నా సెంప మీద ఒక్కటిచ్చింది. “నడు” అన్నాది.

పద్నాలుగు రోజులు పట్నం ఆసుపత్రిలో, ఒకరి తరవాత ఒకరం అదే బల్ల మీద. నా బొడ్డు దగ్గర రెండు సూదులు వంగిపోయేయి, ఉక్కు ఒళ్ళు గదా. ఆవిడ నాతో ఒక్క మాటాడలేదు. మంచినీళ్ళు తాగినప్పుడు మాత్రం ఒకరి గొంతు వేపు ఒకరం సూసుకునీవోళ్ళం, దిగిందా లేదా అని. ఊరొచ్చేక కూడా ఆ అలవాటు పోడానికి ఏడాది పట్టింది.

నవ్వుతన్నావా? కుక్కని తన్నింది అబద్ధమే అనుకో. పరుగూ అబద్ధమే అనుకో. నోరు మూసుకున్న ఆ ఒక్క రోజుంది సూడు, అది మాత్రం నిజం. సాక్షి కావాలా? ఆ కూతురి దగ్గరే ఉంది, పళ్ళూడిపోయేయి గాని మనిషి బతికే ఉంది. దేవరాపల్లి ఎల్లి అడుగు. పేరు సన్నేసమ్మ.