కావలసినవాళ్ళు పెట్టుకుంటారు

అబ్బబ్బ, నా మీద ఎగరకు బోహుమిల్ అన్నా! మాట్లాడటం మానేసింది నీ కంప్యూటరు, నేను కాదుగా? ఫోను చేశావో లేదో, లీషెన్ నించి రెండు ట్రాములు మారి పరిగెత్తుకొచ్చాను. ఇంకేం చెయ్యమంటావు?

ఏ రోజు నించి? గురువారమా? అంటే మనవాళ్ళం కలిసి తయారుచేసిన కొత్త సిస్టమ్ వేసుకున్న రోజే. ఊఁ.

ఏం లేదు, ఊరికే అన్నాను. సోమవారానికి నలభై పేజీల అనువాదం ఇవ్వాలా? ఇవ్వకపోతే ఆ ప్రచురణాలయం నీకు మళ్ళీ పని ఇవ్వదా? అయ్యో రామా! జరుగు, ఆ కీబోర్డు ఇటివ్వు.

మనవాళ్ళ సంగతి నీకు తెలియనిదా? పన్నెండుమందిమి, పైసా జీతం లేదు, పౌరుషం మాత్రం బోలెడు. వేసుకోగానే అన్నీ సిద్ధంగా ఉండాలంటుంది మిలెనా. ఖాళీ ఇల్లు ఇద్దాం, ఎవరి సామాను వాళ్ళు తెచ్చుకుంటారంటాను నేను. దాని మీద మూడొందల మెయిళ్ళు! తెర మూల గడియారం ఉండాలా వద్దా అని ఇద్దరు పెద్దమనుషులు పలకరింపులు కూడా మానేశారు.

నువ్వు ఆ మెయిళ్ళు చదవడం ఆపేశావులే. మూడొందలూ యంత్రం గొంతులో వినడం ఎవరి తరం?

చివరికి మా పక్షం గెలిచింది. సిస్టమ్ సగానికి సగం తగ్గింది. పబ్బులో చప్పట్లు కొట్టుకున్నాం. నువ్వూ కొట్టావుగా?

కొట్టలేదా? కొట్టావనుకున్నాను.

సరే, ఆ కోతలో తెర చదివి వినిపించే ప్రోగ్రామ్ పోతే పోయింది. ఒక్క వరుస టైపు చేస్తే మళ్ళీ వచ్చేస్తుందిగా? చేశావా? మరి? ఓహో, మధ్యలో ఆగి తెర మీద ఏదో ప్రశ్న అడిగుంటుంది. ఆ ప్రశ్నేమిటో నీకు చదివి చెప్పాల్సింది ఆ తీసేసిన ప్రోగ్రామేనాయె! బాగుంది మా తెలివి. పన్నెండుమందిలో పదకొండుమందికి కళ్ళున్నాయి, ఒక్కడికీ ఇది తట్టలేదు.

అలా అని గుడ్డిగా తీసెయ్యలేదన్నా. ఛ, నా నోరు పడిపోను. లెక్క చూశాకే తీశారు. ఎంతమంది వాడుతున్నారంటే సున్నా వచ్చింది. ఎందుకు రాదు? వాడకం లెక్కపెట్టేదాన్ని అంతకుముందే అనవసరమని పీకేశాంగా!

ఇదిగో, ఆ ప్రశ్నకి అవునని కొట్టాను, పలికింది! హమ్మయ్య. ఏం చదువుతోందది? మార్పుల చిట్టానా? అదెందుకిప్పుడు, ఆపెయ్, నీ పేజీలు తెరుచుకో. అన్నా, ఆపమంటున్నానా!

అవును. "ఎవరూ వాడరు, తీసేశాను." కింద జ్బిన్యెక్ అని కూడా చదివేసింది. వాళ్ళూ వీళ్ళూ కాదు, నేనే.

ఎక్కడ రాశానో కూడా చెప్పనా? ఈ బల్ల దగ్గరే. ఆదివారం పూట, యర్మిలా వదిన పెట్టిన కుడుములు తింటూ. నువ్వు పక్కనే పని చేసుకుంటున్నావు, ఇది గడగడా చదువుతోంది. నాకు చిరాకేసి, కాస్త గొంతు తగ్గించమని నిన్నే అడిగాను. నువ్వు తగ్గించావు.