నిమ్మకాయలు తొక్కేదెవరు

శుక్రవారం పొద్దున్న పది దాటింది. మధురవాడలో ఇంటి ముందు కొత్త ట్రాలీ బండి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు. బండి పక్కన బావ సన్యాసిరాజు, బావమరిది నరేష్. గుమ్మంలో నీలిమ, ఒకరికి భార్య, ఒకరికి అక్క.

"నీ ఫోర్డ్ లైట్నింగ్‌ది ఉత్త శబ్దం బావా. జీఎంసీ సైక్లోన్ సూడు, తొంభై ఒకటిలోనే, అయిదు సెకన్లలో వంద స్పీడుకి దగ్గిరెల్లిపోనాది."

"అదీ ఒక పికప్పేటి నరేషూ? లోడు రెండొందల పాతిక కేజీలే. నాలుగు సిమెంటు బస్తాలేత్తే అయిదోదానికి దండం ఎట్టాల. నాదానికి ఎనిమిది సిలిండర్లు, తెల్సా?"

"నాదానికి ఆరే. అయితే ఏటి, టర్బో ఉంది. నాలుగు సక్రాలూ లాగుతాయి. నీదానికి ఎనకవే."

"ఏవండీ, ఇంకా ఆ వీడియోల్లో అమెరికా బళ్ళకాడే ఉన్నారా? పదిన్నరకి రాహుకాలం. అది దాటితే పన్నెండు దాకా బండి కదపనివ్వదు మాయమ్మ. పదకొండుకి తగరపువలసలో కూరగాయల లోడు. మనం ఎల్లకపోతే మొదటి బేరమే ఇంకోడు తన్నుకుపోతాడు."

"వత్తన్నాం నీలిమా. ఇది తేలిపోనీ. ఎవుడి బండి గొప్పదో ఆడే నిమ్మకాయలు తొక్కిత్తాడు."

"ఆడే తోలాలా బావా?"

"ఆడే. మీ అక్క సాచ్చి."

"మరైతే... ఎనిమిది సిలిండర్లంటే ఎనిమిదే. నీ లైట్నింగే గొప్ప."

"అదేటి, ఇప్పుడే గదా ఉత్త శబ్దం అన్నావు."

"శబ్దం కూడా బాగుంటాది."

"కాదు కాదు. నాలుగు సక్రాలూ లాగడమంటే మాటలా? నీ సైక్లోనే గెలిసింది. ఎక్కు."

"పెద్దోడివి, నువ్వుండగా నానెక్కుతానా?"

"కుర్రోడివి, సేతులు సురుగ్గుంటాయి."

"నాలుగు బస్తాల బండి బావా నాది. దాన్ని బండంటారా ఎవులైనా?"

"నాదానికి ఎనక సక్రాలే లాగుతాయి. సెప్పుకోడానికే సిగ్గేత్తంది."

"పదీ ఇరవై అయింది. పంతులుగారు కొబ్బరికాయ కొట్టేసి మీ మొకాలే సూత్తన్నారు. తాళం ఎవురికాడుంది?"

"నరేష్ కాడ."

"బావకిచ్చీసేను."

"నాను మళ్ళీ ఆడి జేబులో ఏసేను."

"ఒరే నరేషూ, ఇటు సూసి సెప్పు. నీకు బండి తోలడం వొచ్చా?"

"బావకొచ్చు గదా అక్కా."

"నాకా? నాకెక్కడొచ్చురా? నువ్వు తోలతావు, నాను లోడెత్తుతానని గదా పొత్తుకి ఒప్పుకున్నాను."

"నువ్వు తోలతావు, నాను లోడెత్తుతాననుకున్నాను."

"ఇద్దరికీ రాదా? షోరూం నించి ఎలగొచ్చింది మరి?"

"షోరూమోడే తెచ్చేడు. తాళమిచ్చి బస్సెక్కి ఎల్లిపోనాడు."

"ఆ అమెరికా బళ్ళ వీడియోలు ఎన్నేళ్ళ నించి సూత్తన్నారు?"

"ఆరేళ్ళు."

"తాళం ఇలా తెండి. మీరు వీడియోలు సూత్తుంటే నాను డ్రైవింగ్ స్కూలుకెల్లి లైసెన్సు తెచ్చుకున్నాను. అమ్మా, నువ్వొచ్చి నా పక్కన కూకో. మీరిద్దరూ ఎనకెక్కండి. కలిపి నూటేభై కేజీలుంటారు, ఆ సైక్లోనైనా మోసేత్తది."