గంప దించని పొద్దు

"అవ్వా, రికార్డింగ్ ఆన్ చేశా. మీ ఊర్లో విండ్ టర్బైన్స్ పెట్టినప్పుడు అందరూ ఓకే అన్నారా, ఫైట్ అయిందా? అది చెప్పు."

ఆ ఫోను రొంత దూరం పెట్టమ్మా, మూతి ముందర పెడితే నాకు మాట రాదు. ఆ, అట్ల. ఫైట్ అయిందా అంటే, అయింది. బాగానే అయింది. నీకు ఇస్కూల్లో ఏందంటివి, డిబేటా? అంటే ఒకరు మంచిదనాల, ఒకరు చెడ్డదనాల, అంతేనా. మాకు ఎవురూ నేర్పకుండానే ఆ పని శానా బాగా చేసినాంలే.

మేము ఫ్యాన్లు అంటాం వాటిని. కొండ మీద ఫ్యాన్లు. ఈ కిటికీలో నుంచి ఎదురు బ్లాకు కనపడతాది చూడు, దానికంటే పొడుగు ఒక్కోటి. ఆ బ్లాకు నెత్తిన నల్లగా పరిచినారే, ఎండ కరెంటుది, అది పెట్టేటప్పుడు ఈ సింగపూర్లో, ఈ పుంగ్గోల్లో ఎవురన్నా కొట్లాడినారా? లిఫ్టు కాడ కాగితం అంటించిరి, వచ్చిరి, పని చేసుకోని పోయిరి. పక్కింటి చైనా ఆంటీ నన్నడిగింది, అదేందో నీకు తెలుసా అని, చేతులతోనే అడిగిందనుకో. నేను పైకి సూర్యుణ్ణి చూపిచ్చి, ఇంట్లో బల్బు చూపిస్తిని. ఇద్దరం నవ్వుకుంటిమి. అంతే, ఈడ అయిపాయ.

మా తావ అట్ల కాదు. మాది అనంతపురం పక్క, నీకు తెలుసు కదా, వానకు కరువు గానీ గాలికి కరువు లేదు. ఆషాఢం వచ్చిందంటే ఆరేసిన చీర పక్క ఊర్లో వెతుక్కోవాల. ఆ గాలి కోసమే వచ్చినారు కంపెనీవాళ్ళు. జీపులో వచ్చి, కొండెక్కి, కర్ర పాతి చూసుకోని పోయినారు. ఇంగ మళ్ళ వచ్చేతలికి కాగితాలు, సంతకాలు.

నాకొక చెల్లెలు ఉండాది, ఓబులమ్మ. నువ్వు చూసినావు, నీ చెవులు కుట్టించినప్పుడు వచ్చి నీకు వెండి కడియాలు తొడిగె. మా ఇద్దర్నీ ఒకే ఊరికి ఇచ్చినారు, ఒకే వీధి. మా యమ్మ మా చిన్నప్పుడే పోయె, దానికి నేనే జడేసి, సంగటి ముద్ద నోట్లో పెట్టి పెంచితిని. దాని మొగుడు తిప్పన్న, నోట్లో నాలిక లేనోడు. పెండ్లి చూపులప్పుడు గూడా మాట్లాడలేదంట, ఇది ఒప్పుకుందో లేదో తెలీక మూడు రోజులు అన్నం తినలేదంట, కాదులే, మూడు రోజులు అనేది మా మామ చెప్పిన అబద్ధం, ఒక పూటే అయ్యుంటాది. యాడికి పోతి నేను? ఆ, చేను. వాండ్ల చేను కొండ వాలులో ఉండె, అంతా రాళ్ళు. చెనిక్కాయ వేస్తే ఇత్తనాలు గూడా తిరిగొచ్చేటివి కాదు. కంపెనీవాళ్ళు ఆ చేను అడిగిరి, వీళ్ళు ఇచ్చిరి. నేనైనా ఇచ్చింటా.

ఇంగ ఇంకో పక్క మా బావ. మీ తాత వాళ్ళ అన్న, సంజీవప్ప. ఊరికి పెద్దమనిషి, ఆయప్ప మాటకు ఎదురు చెప్పేటోళ్ళు లేరు. ఆయప్పకు గొర్లుండె, కొండే వాటికి మేత. దారులు వేసి, లారీలు తిరిగి, మేత పోయె. ఆయప్ప కోపం తప్పని నేను ఈ పొద్దుకీ అనను. దాంతోటి ఇంకో మాట పుట్టె ఊర్లో. ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తాండాయి అని. మబ్బు కొండ మీదికి వచ్చేది, చెదిరిపోయేది. అంతకు ముందు గూడా చెదిరిపోయేదేనమ్మా. కాకపోతే అప్పుడు చూపిచ్చి తిట్టేదానికి ఫ్యాను లేదు.

"అది సైంటిఫిక్‌గా కరెక్ట్ కాదు కదా అవ్వా."

కాదేమో. నువ్వు చదువుకున్నావు, నువ్వే చెప్పాల. కానీ చేను ఎండిపోతాంటే, పైన అది గిరగిరా తిరుగుతాంటే, నీకైనా అట్లే తోచింటాది. తోచిందంటే తోచింది, ఊరు రెండైపాయ. ఫ్యాన్లోళ్ళు, వానోళ్ళు. ఫ్యాన్లకు చేను ఇచ్చినోళ్ళవి ఒక అయిదారు ఇండ్లు, మిగిలినోళ్ళంతా మా బావ పక్క. ఒకరింటికి ఒకరు పోము, పేరంటాలకు పిలవము. తోడుకు మజ్జిగ అడిగేది గూడా నిలిపేస్తిమి. పాలు విరగ్గొట్టుకోనైనా సరే, ఆ ఇంటి మజ్జిగ వద్దు. మీ తాత ఏం చేసె అంటావా? బీడీ కాల్చుకుంటా కూర్చునె. అన్నను అనలేడు, మరదలి మొగాన్ని చూడలేడు.

నేను గూడా ఓబులమ్మ ఇంటికి పోవడం మానేస్తిని. ఎదురెదురుగా వస్తే అది తల తిప్పుకోని పోయేది. నేను జడేసిన తల.

ఆ ఏడు వాన లేదు. అసలే లేదు. ఇంగ వరద పాశం, మీరు పాయసం అంటారే అది, చెయ్యాలనిరి. నీకు చెప్పినానా ఎప్పుడన్నా? చెప్పలేదు. వాన రాకపోతే ఊరంతా కలిసి కొండెక్కుతాం. ఆడ ఒక బండ ఉండాది, పెద్దది, తళిగె, అదే కంచం మాదిరి సాపుగా ఉంటాది. ఆడనే పొయ్యి పెట్టి పాశం వండి, దేవునికి చూపిచ్చి, ఆ బండ మీద పోస్తాం. పోసి, మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక్కి పెట్టుకోని, నాలికతో నాకల్ల. ఒక మెతుకు మిగలగూడదు. నవ్వుతాండావా? నవ్వు. పెద్దోడు లేదు, చిన్నోడు లేదు, అందరి మొగాలూ ఒకే బండకు ఆనాల. చిన్నప్పుడు మాకు అది బో సంబరం, ఎండకు బండ వేడి, పాశం వేడి, నాలిక కాలేది.

ఇంగ దానికి బియ్యం ఊరంతా తిరిగి ఎత్తేది మా ఇంటి కోడలు. మా తోడికోడలు, అంటే సంజీవప్ప బావ పెండ్లాము, పోయినాక గంప నా నెత్తికి వచ్చె. దానికొక కట్టు ఉండాది. గంప ఒకసారి నెత్తికెత్తితే ఊర్లో ప్రతి గడప ముందరా నిలబడాల. ప్రతి ఇంటి బియ్యమూ దాంట్లో పడాల, పిడికెడైనా సరే. అన్ని గడపలూ అయిందాకా గంప కింద పెట్టగూడదు. ఒక్క ఇంటిది తక్కువైనా ఆ పాశం దేవునికి పనికిరాదు. ఇది నేను పెట్టింది కాదు తల్లీ. నేను కొత్త కోడలుగా వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి మా బావే చెప్పినాడు.

ఆ బావే ఇప్పుడు చెప్పంపిచ్చె. ఫ్యాన్లోళ్ళ గడపలకు గంప పోగూడదు, వాన తరిమినోళ్ళ బియ్యం వాన పాశంలో పడగూడదు అని. అంటే ఏంది? నా చెల్లెలు ఇంగ ఈ ఊరి మనిషి కాదు అని. ఈ ఏడు గంప పోకపోతే మళ్ళ ఏడు గూడా పోదు. ఆ తర్వాత దాని బిడ్డల పెండ్లికి ఎవురు పోతారు, దాని ఇంట్లో ఎవురన్నా పోతే మోసేదెవురు?

బావకు సరే అని చెప్పలేదు, కాదని గూడా చెప్పలేదు. స్నానం చేసి గంప ఎత్తుకుంటిని. ముందు మా పక్కోళ్ళ ఇండ్లన్నీ తిరిగితిని. తర్వాత, అందరూ చూస్తానే ఉండారు, ఫ్యాన్లోళ్ళ గడపల పక్కకు మళ్ళితిని. ఎవురూ ఊహించలేదు. ఒకామె అయితే చేతిలో పేడకళ్ళాపి బొక్కెన అట్లే పట్టుకోని నిలబడిపాయ. కానీ వేసినారమ్మా, అందరూ వేసినారు. ఓబులమ్మ గడప మాత్రం కడాకు పెట్టుకుంటిని. భయం నాకు, యాలంటే దాని రోషం నాకు తెలుసు.

అనుకున్నట్లే తలుపేసుకోనింది. "ఓబులమ్మా, గంప వచ్చింది" అంటిని. లోపలి నుంచే అనె, "మేము వాన తరిమినోళ్ళం కదక్కా. మా బియ్యం పడితే మీ పాశం విషమైతాది. పో."

నేను పోలేదు.

నిలబడితిని. బతిమాలలేదు. ఊరందరి బియ్యం నెత్తిన ఉండాది, బరువు కాదా మరి. ఎండ నడినెత్తికి వచ్చె. వీధంతా జనం చేరిరి, ఈ పక్కోళ్ళు, ఆ పక్కోళ్ళు. చెమట కండ్లల్లో పడతాంటే తుడుచుకోను చెయ్యి లేదు. మీ తాత వచ్చి బీడీ పారేసి, నా పక్కన నిలబడె. అది చాలు నాకు ఆ మనిషితో, ఈ పొద్దుకీ.

కడాకు మా బావ వచ్చె. "ఏందమ్మా ఇది, నేను చెప్పంపిస్తే? ఇంటికి పోదాం పా" అనె. అంతవరకూ బావ ముందర నేను తలెత్తి మాట్లాడింది లేదు. ఆ పొద్దు మాట్లాడితిని. "వస్తా బావా. గంప నువ్వు దించు, వస్తా. దించగూడదని చెప్పింది నువ్వే, దించేది గూడా నువ్వే దించు" అంటిని.

ఆయప్ప చెయ్యి ఎత్తినాడు, నిజంగానే ఎత్తినాడు. ఎత్తి, గంప దాకా తెచ్చి, మళ్ళ కిందికి వేసుకునె. ఆయప్ప మొండోడే గానీ, కట్టు తప్పే మనిషి కాదు. ఎదురింటి అరుగు మీద కూర్చునె. తలుపు పక్క తిరిగి పెద్దగా అనె, "ఓబులమ్మా, తలుపు తీయి. మీ యక్క మెడ ఇరిగిపోతాది."

గడియ తీసిన శబ్దం వినపడె. తలుపు తీసి నిలబడింది నా చెల్లెలు, చేతిలో చేట. చేట నిండా బియ్యం, పైన బెల్లం గడ్డ. రాళ్ళు ఏరి, చెరిగి, పొద్దున్నే సిద్ధం చేసి పెట్టుకోనింది, దొంగముండ. నేను వస్తానని దానికి తెలుసు. రాకపోతే ఏమైపోయేదో. ఏడుస్తానే గంపలో పోసె. నేను ఏడవలేదు, ఏడిస్తే గంప ఊగుతాది.

ఆ పొద్దు బండ మీద మా బావ పక్కనే తిప్పన్న వంగినాడు. నేను కండ్లారా చూసినా. ఇద్దరి గడ్డాలకూ పాశం.

వాన వచ్చిందా అంటావు, నాకు తెలుసు నువ్వు అదే అడుగుతావని. ఆ వారం రాలేదు. తర్వాత వచ్చె, రొంత, అడుగు తడిసేటంత. ఫ్యాన్లు తిరుగుతాంటేనే వచ్చె. దానికి గూడా కొట్లాడిరి కొంతమంది, పాశంతో వచ్చిందా, ఊరికే వచ్చిందా అని.

కానీ అసలు ఇది విను. తర్వాత కంపెనీవాళ్ళు ఇంకో వరస ఫ్యాన్లకు వచ్చిరి. ఆ రెక్కలు బో పొడుగమ్మా, లారీ మలుపు తిరగల్లంటే దారి సాపుగా పోవాల. సాపుగా పోతే మా బండ అడ్డం. బండ పేలుస్తాం అనిరి. మా బావ కర్ర పట్టుకోని లేచె. అప్పుడు ఎవురు మాట్లాడిరి అనుకున్నావు? తిప్పన్న. నోట్లో నాలిక లేనోడు. "నా చేన్లో ఇంకా మిగిలింది ఉండాది, అది గూడా తీసుకోండి. దారి అట్ల తిప్పండి. బండ ముట్టుకోవద్దు" అనె. ఆ మాట మీద ఊరంతా నిలబడె, ఫ్యాన్లోళ్ళు లేరు, వానోళ్ళు లేరు. దారి తిప్పినారు. ఈ పొద్దుకీ ఆ దారి ఆడ వంకర తిరిగి పోతాది, మీ నాయన్ని అడుగు, కారు తోలేటప్పుడు తిట్టుకుంటాడు. నాకు మాత్రం ఆ వంకర చూస్తే రొమ్ము ఇంత వెడల్పవుతాది. ఆ సాయంత్రం మా బావ ఇంట్లో నుంచి ఓబులమ్మ ఇంటికి చెంబు పోయె, తోడుకు మజ్జిగ కోసం.

ఇప్పుడు ఓబులమ్మ మనవడు, దాని కూతురి కొడుకు శివ ఈడనే ఉండాడు కదా, షిప్‌యార్డులో. సముద్రంలో పెట్టే ఫ్యాన్లకు కింద ఇనుప కాళ్ళు ఉంటాయంట, వాటికి వెల్డింగు చేస్తాడు. రేపు ఆదివారం, భోజనానికి వస్తాడు. వానికి పాశం అంటే ఇష్టం. నీకు బావ వరస అయితాడు, తెలుసా.

"అవ్వా, ప్లీజ్."

సరేలే, సరేలే. నవ్వించాలని అన్నా. ఇంగ నువ్వు ఒకటి చెప్పు. కింద అంతస్తు పిల్ల ఉండాది కదా, నీతో రోజూ ట్రైన్లో పోయే పిల్ల, మేయ్ అని. ఆ పిల్ల ఈ మధ్య రాలేదేంది ఇంటికి? ఎదురు టీమంటావా? ఆ పిల్ల ఏదో అన్నింది, నువ్వు ఏదో అన్నావు, ఇప్పుడు మాటల్లేవు. నేను అడగకుండానే తెలుసు నాకు, లిఫ్టులో తల తిప్పుకున్నారు మీ ఇద్దరూ, నేను పక్కనే ఉన్నా.

డిబేటులో నువ్వు గెలువు, ఆ పిల్ల గెలవని, నాకేం లేదు. రేపు పాశం చేస్తా, డబ్బాలో పోసిస్తా. తీసుకోని పోయి ఆ పిల్ల తలుపు కాడ నిలబడు. తియ్యకపోతే తీసిందాకా నిలబడు, డబ్బా కింద పెట్టొద్దు. నువ్వు పోని గడప ఉండగూడదు, నిన్ను వద్దనే గడప ఉండగూడదు, సల్లగా ఉండు తల్లీ. కాళ్ళు నొప్పి పుడితే ఫోన్ చెయ్యి, నేనే లిఫ్టు దిగి వచ్చి నీ పక్కన నిలబడతా. మీ తాత నిలబడినట్లు. ఆ... ఇంగ అది ఆపెయ్యి, నాకు గొంతు ఎండిపోతాంది.