తమ్ముడి కడుపులో తగువు తీర్చిన డ్రైవరు

ఆసుపత్రి ఎదుటి టీ కొట్టులో బస్సు డ్రైవరు మాట అందుకున్నాడంటే గ్లాసులు చల్లారిపోవాల్సిందే. అతని తమ్ముడు ఆసుపత్రి పై అంతస్తులో మంచం మీదున్నాడు. పొద్దుటి నుంచి అన్న మాత్రం కింద ఈ కొట్టులోనే ఉన్నాడు.

"నేను ఒక్క ప్రశ్న అడిగానంతే, డాక్టరమ్మ అంతా చెప్పేసింది. ఒంట్లో రోగం మీద పడి కొట్టే కణాలుంటాయట. అవి మితిమీరకుండా ఆపడానికి టీ కణాలని వేరే రక్తకణాలుంటాయట."

"టీలోనా?" అన్నాడు కొట్టువాడు.

"నీ నీళ్ళ టీలో ఏముంటాయిగానీ, విను. మా తమ్ముడి కడుపులో గడ్డ మహా టక్కరిది. ఆపేవాళ్ళనే చుట్టూ కూర్చోబెట్టుకుని దర్జాగా పెరిగింది. మందిచ్చి వాళ్ళని తప్పిస్తే, కొట్టేవాళ్ళొచ్చి గడ్డని చితక్కొట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇక ఆపేవాడు లేడు కదా, మావాడి పేగుల మీదే పడ్డారు! వాళ్ళని అణచడానికి ఇంకో మందిస్తే గడ్డ మళ్ళీ లేచింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. 'లేమ్మా, నా రక్తం ఎక్కించు' అన్నా."

"ఎక్కించారా?" బల్ల చివర ముసలాయన అడిగాడు.

"ఎక్కించక! నిండు బస్సుని ఒక్క కేకతో సర్దేవాడి కణాలు మరి! లోపలికెళ్ళి 'ముందుకి జరగండి' అనేసరికి కొట్టేవాళ్ళు పేగులొదిలి వరసలో నిలబడ్డారు, నేను బయట్నుంచి ఒక్క అరుపు అరిచా, గడ్డ గొంతుదాకా వచ్చి 'బాబూ, నన్ను దింపెయ్' అని కాళ్ళ మీద పడింది, పక్క స్టాపులో దింపేశా!"

అందరూ పగలబడి నవ్వారు. ఈ నవ్వు ఆగితే పైకి వెళ్ళాలని డ్రైవరుకి తెలుసు. అందుకే ఇంకా పెంచాడు.

"ఇప్పుడు ఏ దేశంలో ఎవరి కణాలు తిరగబడ్డా నాకే విమానం పంపుతున్నారు, నిన్నగాక మొన్న..."

"ఆపండి బావగారూ."

తమ్ముడి భార్య. ఎప్పుడొచ్చిందో, ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని వెనకే నిలబడి ఉంది.

"మీ రక్తం ఎవరెక్కించారు? మీరు కాళ్ళు పట్టుకున్నా, రక్తంతో అయ్యే పని కాదని డాక్టరమ్మ నిన్ననే చెప్పలేదూ?"

ముసలాయన గ్లాసు కింద పెట్టేశాడు.

"రెండు మందులూ ఆపేశారు. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. అన్నయ్యేడీ, అన్నయ్యేడీ అని ఆయన ఒకటే అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

డ్రైవరు లేచి, ఆమె వెనకే రోడ్డు దాటి, ఆసుపత్రి మెట్ల దాకా నడిచాడు. అక్కడే కూలబడిపోయాడు.

ఆమె కాసేపు చూసి, ఒక్కతే పైకెక్కింది.