కండక్టరు బాబాయి నొక్కిన లెక్క

పార్కు గేటు పక్క టీ కొట్టు బెంచీ మీద కండక్టరు బాబాయి కూర్చున్నాడంటే, ఆ పూట ఎవరి పనీ తెమలదు. ముప్పై ఏళ్ళు బస్సులో "ముందుకు జరగండి" తప్ప మరో మాటకు వీల్లేకపోయిన మనిషి, రిటైరయ్యాక మిగిలిన మాటలన్నీ ఇక్కడే ఖర్చు పెడుతున్నాడు.

ఈమధ్య ఆయనకు కొత్త సరుకు దొరికింది. జనం ఇప్పుడు నడుస్తున్నారా, పరిగెడుతున్నారా, సైకిళ్ళు తొక్కుతున్నారా చూసి, దాన్నిబట్టి పార్కులోని నడకబాట మార్చాలని మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళు అనుకున్నారు. ఒక పొద్దున బాట మొదట్లో కుర్చీ వేసుకుని మనుషుల్ని లెక్కపెట్టమని, నొక్కితే అంకె పెరిగే చిన్న కౌంటరొకటి ఆయన చేతిలో పెట్టారు.

ఇవాళ వినేవాళ్ళు ముగ్గురు. టీ కొట్టు అక్క, ఎదురు వీధి టైలరు, బెంచీ చివర చుట్టిన కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆఫీసు అమ్మాయి. బాటల ప్లాన్లు గీసేది ఈ అమ్మాయే. అక్క పొద్దుటినుంచి నేలకేసే చూస్తోంది. నిన్న ఆఫీసువాళ్ళు వచ్చి, వెడల్పు చేసే బాట ఇక్కడిదాకా వస్తుందని నేల మీద సున్నంతో గీత గీసి పోయారు. ఆ గీత సరిగ్గా ఆమె స్టవ్వు కిందనుంచి పోయింది. బాబాయికి అది కనబడకపోలేదు. కథ నోటిదాకా వచ్చేసి ఉండటంతో, గీత సంగతి తర్వాత అడుగుదాంలే అనుకున్నాడు.

"పెద్ద గొప్పేం కాదులే," అని మొదలుపెట్టాడు. "మొదటి అరగంటలో ఓ యాభైమంది వచ్చుంటారు. ఒక్కడు తప్పితే ఒట్టు. నిండు బస్సులో టికెట్టు తీసుకోనివాణ్ణి వీపు చూసి పట్టేసినవాణ్ణి, నాకిదో లెక్కా? కాసేపటికి కళ్ళు కూడా మూసేశా. చెప్పుల చప్పుడు చాలు. ఇది నడక, ఇది పరుగు, ఇది పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడి పరుగు."

"అదెలా తెలుస్తుంది బాబాయ్?" అన్నాడు టైలరు.

"ఎడమ కాలు గట్టిగా పడుతుందిరా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్కేటింగు పిల్లలు దిగారు. వాళ్ళ జోరు ఏం చెప్పను, రావడం కనబడేలోపే వెళ్ళిపోయేవాళ్ళు, అందుకని పోయేటప్పుడు ముందు నొక్కేసి, ఎవరన్నది తిరిగొచ్చేటప్పుడు చూసుకున్నా. వాళ్ళ తర్వాత వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నడిచేవాళ్ళు. ఇప్పుడదో కొత్త మోజు, మోకాళ్ళకి మంచిదట."

"వెనక్కి నడిచారని వాళ్ళని లెక్కలోంచి తీసేశావా?"

"నీలాంటివాడైతే తీసేసేవాడు. విను మరి. పది కొట్టేసరికి జనం, జనమంటే మామూలు జనం కాదు, మనుషులు నిలబడి ఉంటే బాటే నడుస్తోందా అన్నట్టుంది. నేల జానెడు కుంగింది. చెట్లు దారికి అడ్డమని కొమ్మలు ముడుచుకున్నాయి. నొక్కీ నొక్కీ కౌంటరు వేడెక్కి ఒకటే పొగ, దాని మీద గిన్నె పెడితే టీ కాగేదిరా! పదివేలకి అంకెలు చాలక మళ్ళీ సున్నాకి తిరిగింది, ఎన్నిసార్లనుకున్నావ్? నాలుగుసార్లు! నలభై వేలు! ఈ ఊళ్ళో అంతమంది లేరు, అంటే పక్క ఊళ్ళవాళ్ళు ముందురోజే బయల్దేరారన్నమాట! ఆఫీసరు పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, 'మీ లెక్క చూశాక పాత ప్లాను చించేశామండీ' అన్నాడు."

స్టవ్వు మీద టీ పొంగింది. అక్క చూసుకోలేదు.

"చించేసిన మాట నిజమే," అంది ఆఫీసు అమ్మాయి కాగితం విప్పుతూ. "నలభై వేల సంగతి నాకు తెలీదు గానీ, మీరు సంతకం పెట్టిచ్చిన కాగితంలో ఐదొందల పన్నెండు మంది అని ఉంది. ఇంత చిన్న పార్కుకి అదే ఎక్కువండీ. పాత బాట చాలదని పన్నెండు అడుగులు పెంచాం. ఈ మధ్యాహ్నం ప్లాను ఖాయమైతే రేపు ఈ కొట్టు తీసేస్తారు."

బాబాయి తన చేతికేసి చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా తన కోతలన్నీ వింటూ, ఒక్కసారీ లేచి పొమ్మనని మనిషి అక్క. ఆమె పొట్ట కొట్టింది తన బొటనవేలేనా?

అక్క స్టవ్వు ఆపి ఇటు తిరిగింది. "బాబాయ్, ఆ బాట గుండ్రంగా తిరిగి మళ్ళీ నీ కుర్చీ దగ్గరికే వస్తుంది కదా. రోజూ పన్నెండు చుట్లు కొట్టే ఎర్ర టోపీ ఆయన్ని ఎన్నిసార్లు నొక్కావు?"

"పన్నెండుసార్లు," అన్నాడు బాబాయి ఠక్కున. "దిగి మళ్ళీ ఎక్కితే మళ్ళీ టికెట్టు తియ్యాల్సిందే కదమ్మా!"

అనేసి నాలుక కరుచుకున్నాడు. టైలరుకి నవ్వుతో పొలమారింది.

"అందరినీ అలాగే నొక్కారా?" అంది అమ్మాయి.

కాదంటే పరువు మిగులుతుంది. అవునంటే కొట్టు మిగులుతుంది. బాబాయి జన్మలో ఎన్నడూ అంకె తగ్గించి చెప్పిన పాపాన పోలేదు.

"అందరినీ అలాగేనమ్మా," అన్నాడు నేల చూస్తూ. "అసలు మనుషులు ఓ నూటయాభై ఉంటారు."

అక్క ఆయనవంక చూసింది.

"వంద."

"బాబాయ్," అంది అక్క మెల్లగా.

"నలభై రెండు! ఇంక ఒక్కడు కూడా తగ్గడు. ముఖాలన్నీ గుర్తున్నాయి."

అమ్మాయి ఐదొందల పన్నెండు కొట్టేసి పక్కన నలభై రెండు రాసింది. "అయితే పాత బాటే సరిపోతుంది. ఇక్కడ సంతకం పెట్టండి," అని కాగితం అందించి, లేచి చెప్పుకాలితో సున్నం గీత చెరపసాగింది. అక్క కొంగుతో కళ్ళొత్తుకుని కొత్తగా టీ పెట్టింది.

పరువు పోతే పోయింది గానీ బాబాయి ప్రాణం తేలికపడింది. ప్రాణం తేలికపడగానే నోరు మళ్ళీ లేచింది. "చూశావురా, ఒక్క సంతకంతో కొట్టు నిలబెట్టా! ఆ నలభై రెండు మందినీ వరసగా చెప్పమంటావా? తెల్లారకముందే అందరికన్నా ముందు బాట దగ్గరికి వచ్చిందెవరనుకున్నావ్? నేనే!"

టైలరు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు కుర్చీలోంచి లేవనే లేదుగా బాబాయ్. నిన్ను నువ్వెందుకు నొక్కుకున్నావు?"

సంతకం సగంలో పెన్ను ఆగింది.

"నలభై ఒకటి రాయమ్మా," అన్నాడు బాబాయి.